మీకు తెలుసా? కెరీర్ పుస్తకాల వెనక లింకన్

ఉద్యోగంలో ఎదగాలంటే ఏం చదవాలని అడిగితే చాలామంది ముందుగా డేల్ కార్నెగీ పేరు చెబుతారు. మనుషులతో మెలగడం గురించి ఆయన రాసిన ప్రసిద్ధ పుస్తకం 1936లో వచ్చింది. దానికి నాలుగేళ్ల ముందే, 1932లో, ఆయన అబ్రహాం లింకన్ జీవితం మీద ఒక పుస్తకం రాశారని తెలుసా? సలహాల పుస్తకంలోనూ లింకన్ ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది.

లింకన్ జీవితాన్ని పుస్తకంగా తెచ్చే పని తెలుగువాళ్లు అంతకు పాతికేళ్ల ముందే చేశారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు తదితరులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. మండలి అచ్చువేసిన మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. దుంగల గుడిసెలో పుట్టి, మొత్తం కలిపినా ఏడాది నిండని బడి చదువుతో, పుస్తకాలు అడిగి తెచ్చుకుని చదివి వకీలై, దేశాధ్యక్షుడైన మనిషి కథ అది. తెలుగు పాఠకుడి చేతిలో మొదట పెట్టాల్సింది ఇదేనని వాళ్లు ఎంచుకోవడం నాకెంతో గొప్పగా అనిపిస్తుంది. సూత్రాల పుస్తకం ఏం చేయాలో చెబుతుంది. జీవితచరిత్ర మాత్రం ఎలాంటి ఇబ్బందిలో, ఎవరిని ఎదిరించి, ఏం వదులుకుని చేశారో చూపిస్తుంది. జీతం పెరగకుండా, పేరు రాకుండా గడిచిన ఏళ్లు కూడా అందులో ఉంటాయి.

గాడిచర్ల కెరీరే అందుకు సాక్ష్యం. 1907లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఆయన్ని రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. సర్కారు కొలువు దారి మూసుకుపోయింది. మరుసటి ఏడు బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపి జైలుకెళ్లారు. తర్వాతి జీవితంలో ఎంతో భాగం గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ధారపోశారు.

మండలి జీవితకథలతో ఆగలేదు. జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, పదార్థ విజ్ఞానం తెలుగులో తెచ్చింది. ప్రమోషన్ కోసం పుస్తకం వెతికేవాళ్లకు ఈ రెండోరకం మరీ ముఖ్యం. పనిలో మనకు రానిదేదో దాన్ని నేర్పే పుస్తకం ముందు, ఉత్సాహం నింపేది తర్వాత.

ఈ కాలపు పుస్తకాలకు వస్తే, అబ్దుల్ కలాం ఆత్మకథ ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ 1999లో వెలువడింది హైదరాబాదు సంస్థ యూనివర్సిటీస్ ప్రెస్ నుంచే. దాన్ని కలాంతో కలిసి రాసిన అరుణ్ తివారీ, ఆయన దగ్గర రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసినవారు. తెలుగులో వాడ్రేవు చినవీరభద్రుడు ‘ఒక విజేత ఆత్మకథ’గా అనువదించారు. ‘విజయానికి ఐదు మెట్లు’ రాసిన యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంట్. బ్యాంకు ఉద్యోగం చేసి, దాన్ని వదిలి పూర్తికాలం రచయిత అయ్యారు.

రంగారెడ్డి జిల్లాలోని మా మోకిలవాళ్లకు ఇంకా దగ్గరి జీవితం ఒకటుంది. పొరుగునే ఉన్న మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో 1890లో కొండా వెంకట రంగారెడ్డి పుట్టారు. పల్లె నుంచి వచ్చి హైదరాబాదులో పేరున్న వకీలయ్యారు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. తర్వాత ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1978లో ఏర్పడిన మన జిల్లాకు పెట్టింది ఆయన పేరే. ఆయన స్వీయచరిత్ర కూడా రాశారు. ఈ ప్రాంతపు పిల్లలు ఇంటర్వ్యూలకు వెళ్లేముందు దాన్ని ఒక్కసారైనా చదవాలని నా కోరిక.

ఆఖరుగా మరొకటి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు లైబ్రరీ సెస్సు ఉంటుంది. పాత ఇల్లయినా, కొత్త విల్లా అయినా అంతే. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. కాబట్టి పుస్తకం కొనేముందు దగ్గరి శాఖా గ్రంథాలయంలో అడగండి. లేదంటే తెప్పించమని కాగితం మీద రాసివ్వండి.