నేలపరీక్షలో పీహెచ్ అంకె — ఆమ్లక్షారముల బలము

నేలపరీక్ష పత్రము చేతికి వచ్చినపుడు రైతులు మొదట చూచునది పీహెచ్ అను అంకె. అది 7 అయినచో నేల తటస్థమనియు, తక్కువైన ఆమ్లగుణము గలదనియు, ఎక్కువైన క్షారగుణము గలదనియు పెక్కుమంది యెఱుగుదురు. కాని యీ యొక్క అంకెను బట్టియే సున్నమెంత, జిప్సమెంత వేయవలెనో నిర్ణయించుట తగదు. అట్లు చేసినవారు అవసరమునకు మించి వ్యయపడుటయో, చాలీచాలక వేసి ఫలము గానకుండుటయో జరుగును. ఇందులకు కారణము తెలియవలెనన్న ఆమ్లముయొక్క బలము వేఱు, పరిమాణము వేఱు అను సంగతిని గ్రహింపవలెను.

బలము, పరిమాణము

ఆమ్లము నీటిలో గలసినపుడు ఉదజని కణములను విడుచును. పులుపునకు మూలము ఈ విడివడిన కణములే. హైడ్రోక్లోరికామ్లము నీట గలసినంతనే దాదాపు పూర్తిగా విడివడును. కనుక అది బలమైన ఆమ్లము. పులిసిన కల్లునందు బుట్టు ఎసిటికామ్లము అట్టిది కాదు. లీటరు నీటిలో 6 గ్రాముల ఎసిటికామ్లమున్నచో, అందు నూటికి ఒక పాలునకు కొంచెము మించి మాత్రమే విడివడియుండును. తక్కినదంతయు విడివడక నిలువయుండును. ఏలయన, విడివడిన కణములు మరల గలియుచునే యుండును. చెరువులోనికి వచ్చు నీరును, తూముగుండ పోవు నీరును సమానమైనపుడు మట్టము మారనట్లే, విడివడుటయు గలియుటయు సమవేగముతో సాగునపుడు సమతాస్థితి యేర్పడును.

ఈ రెండు ఆమ్లములను సమానసంఖ్యగల అణువులుండునట్లు వేఱువేఱు పాత్రలలో గలిపితిమేని, మొదటిదాని పీహెచ్ 1, రెండవదాని పీహెచ్ రమారమి 3 అగును. 1909లో డెన్మార్కు రసాయనజ్ఞుడు సోరెన్‌సెన్ యేర్పఱచిన ఈ కొలతలో ఒక్కొక్క మెట్టునకు పదిరెట్ల భేదము గలదు. అయినను ఆ రెండింటిని విఱుచుటకు వలయు కాస్టిక్ సోడా సమానమే! సోడా విడికణములను హరించినకొలది నిలువనుండి క్రొత్తవి విడివడుచుండును. నిలువ తీఱువఱకు ఇట్లే సాగును. కాబట్టి పీహెచ్ చేతిలోని రొక్కమును జూపును గాని, గాదెలోని ధాన్యమును జూపదు.

నేలయందు

నేలలో ఈ నిలువను బంకమట్టియు, కుళ్లిన సేంద్రియపదార్థమును పట్టియుంచును. ఇసుకనేలకును బంకనేలకును పీహెచ్ 5 గానే యున్నను, బంకనేలకు చాల హెచ్చుగా సున్నము వలయును. అందువలననే పరీక్షశాలలో సున్నపు అవసరమును వేఱుగా కొలుతురు.

కారు చౌడునందు సమస్య మఱియొక రీతిది. అచట బంకరేణువులను సోడియము పట్టుకొనియుండును. సోడియం కార్బొనేటు పీహెచ్‌ను 8.5 దాటించి, కొన్ని తావుల 10 వఱకు నెక్కించును. ఇట్టి నేలకు సున్నము వేయరాదు. కాల్చిన సున్నము తానే క్షారము, సున్నపురాతి పొడి ఆ పీహెచ్‌లో కరుగదు. జిప్సములోని కాల్షియము సోడియమును తొలగించి దాని చోటు నాక్రమించును. తొలగిన సోడియమును మంచినీరు నిలిపి, మురుగుకాలువగుండ పోగొట్టవలెను. జిప్సపు అవసరమును గూడ పీహెచ్‌ను బట్టి గాక ప్రత్యేకపరీక్షచే తెలిసికొనవలెను. పాల చౌడునకు జిప్సము సామాన్యముగా అక్కఱలేదు. మంచినీటితో లవణములను కడిగివేసిన చాలును.

యూరియా నష్టము

యూరియా నేలలో కరిగి కొలదిదినములలో అమ్మోనియముగా మాఱును. దీనిని నేల పట్టుకొనును, పైరు గ్రహించును. కాని యిది అమోనియా వాయువుతో సమతాస్థితిలో నుండును. పీహెచ్ 7 వద్ద నూటికి ఒక పాలైనను వాయువు కాదు. 8 వద్ద సుమారు 5 పాళ్లు, 9 వద్ద మూడవవంతునకు మించి వాయురూపమగును. వాయువు గాలిలోనికి పోయినకొలది నిలువనుండి మఱికొంత వాయువగును. వరిమడిలో ఎండవేళ నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించుటచే నీటి పీహెచ్ పెరుగును. అపుడు నిలువనీటిపై చల్లిన యూరియాలో చాలభాగము వ్యర్థమగును.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను పాటింపవలెను.

1. మట్టిని పరీక్షకు పంపునపుడు పీహెచ్‌తోపాటు సున్నపు లేక జిప్సపు అవసరమును గూడ తెలుపుడని కోరవలెను.

2. యూరియాను ఒక్కసారిగా గాక దఫదఫాలుగా, మడిలోని నీరు తీసివేసి బురదపదనున వేసి, మట్టిలో గలపవలెను. రెండుదినములు గడచిన పిమ్మట నీరు పెట్టవలెను.

3. యూరియాను గాని అమ్మోనియం సల్ఫేటును గాని సున్నముతోను బూడిదతోను గలిపి చల్లరాదు.

చల్లిన ఎరువంతయు పైరునకు చేరినదని తలపరాదు. నేలగుణము నెఱిగి వేసిన బస్తాయే ఫలమిచ్చును. ఎఱుగక వేసినది అప్పుపద్దులో మాత్రము నిలుచును.