నాణెముపైని తప్పు: టంకశాలదా, తరువాతి నష్టమా?

సువార్తల కాలపు నాణెములు మన ప్రసంగములలో తరచు ప్రస్తావించబడుచున్నవి. వాటిపై కనబడు ఒక వింత గుర్తునుబట్టి పెద్ద వాదనలు కట్టబడుటయు కలదు. ఆ వింత ముద్రించినప్పుడే కలిగినదో, తరువాతి నష్టమో గుర్తించు విధానమును ఇక్కడ పరిశీలింతము.

ముద్రణ విధానము

లోహపు బిళ్ళను రెండు అచ్చుల నడుమ ఉంచి, పై అచ్చును సుత్తితో కొట్టేవారు. హస్మోనీయ రాజైన అలెగ్జాండర్ యన్నయి (క్రీ.పూ. 103–76) కాలములో కంచు బిళ్ళలను రాతి మూసలలో సన్నని కాలువలతో కలిపి వరుసగా పోతపోసి, నరికి విడదీసేవారు. కనుక అంచున మిగిలిన మొన దెబ్బ కాదు, పోత గుర్తు. మార్కు 12:42లోని విధవరాలి కాసులుగా సాధారణముగా చూపబడునవి ఇట్టివే. బిళ్ళ అచ్చుకంటె చిన్నదైతే కొన్ని అక్షరములు పడవు. వీటి బరువులు సమానముగా ఉండవు గనుక, బరువు తగ్గినంత మాత్రమున అంచు కత్తిరించబడెనని చెప్పలేము.

మూడు విధములైన లోపములు

1. అచ్చులోని తప్పు: చెక్కినవాడు పొరబడితే ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెముపైనను అదే తప్పు వచ్చును. పిలాతు నాణెములు కొన్నింటిపై వంకర కఱ్ఱ బొమ్మ కుడియెడమలు తారుమారైనది ఇట్లే.

2. కొట్టుటలోని తప్పు: బిళ్ళ జరిగితే బొమ్మ ఒక ప్రక్కకు పోవును. మునుపటి నాణెము పై అచ్చుకు అంటుకొనియుంటే, తరువాతి బిళ్ళపై దాని బొమ్మ అద్దములోవలె తిరగబడి గుంటగా దిగును.

3. తరువాతి నష్టము: గీత బొమ్మను కోసికొనిపోవును, దాని ఒడ్డున లోహము లేచియుండును. అరుగుదల ఎత్తైన భాగములను ముందు తినును. పాత పొరను చీల్చుకొని మెరియు గీత ఇటీవలిది.

ఒక ప్రసిద్ధ వాదన

షికాగోలోని లొయోలా విశ్వవిద్యాలయ వేదాంత ఆచార్యుడు ఫ్రాన్సిస్ ఫిలాస్, ట్యూరిన్ వస్త్రపు ఛాయాచిత్రములో కంటిపై పిలాతు నాణెపు ముద్ర ఉన్నదని 1979లో వాదించెను. ఆయన చదివిన అక్షరములలో, ‘కైసరు’ అను గ్రీకు పదములో కప్పా ఉండవలసిన చోట ‘సీ’ ఆకారమున్నది. అట్టి అక్షరము గల నాణెమును కూడ ఆయన తరువాత చూపెను.

అయితే కప్పా నిలువు గీత అరిగిపోయినను మిగిలిన కోణము ‘సీ’ వలెనే కనబడును. అచ్చులో మట్టి చేరినను ఆ గీత పడదు. ఇతర అక్షరముల స్థానములనుబట్టి అదే అచ్చుదని తేలిన మరొక నాణెముపైనను ‘సీ’ స్పష్టముగా ఉంటేనే అది చెక్కినవాని తప్పు. అప్పుడైనను అట్టి నాణెము ఉండెనని మాత్రమే రుజువగును. అది వస్త్రముపై ఉండెనని కాదు. 1988 కార్బన్ పరీక్షలు ఆ నారను క్రీ.శ. 1260–1390 మధ్యకాలపుదిగా చూపినవి.

ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. వ్రాతప్రతులలో లేఖకుని తప్పు దానినుండి తీసిన ప్రతులలోనికి సంక్రమించును. పురుగు తిన్న రంధ్రము ఆ ఒక్క ప్రతిలోనే ఉండును. ఏకైక నాణెముపై వాదనను నిలుపకముందు దాని జతను వెదకుదము.