దుర్యోధన వధ: వీథినుండి వెండితెరకు

పుత్తూరు, శ్రీకాళహస్తి మొదలగు చోట్ల ద్రౌపదీ ధర్మరాజుల కోవెలలలో భారతోత్సవము జరుగు దినములందు పగలు హరికథయు, రాత్రి వీథినాటకమును సాగుచుండును. బకాసుర వధ, అర్జున తపస్సు మున్నగు ఘట్టములు గడచి తుదకు దుర్యోధన వధ వచ్చును. ఆనాడు మైదానమున మట్టితో పెద్ద దుర్యోధనుని వెల్లకిల పరుండినట్లు మలతురు. భీమ దుర్యోధన వేషధారులు ఆ బొమ్మచుట్టును తిరుగుచు గదాయుద్ధము చేయుదురు. భీముడు మట్టితొడపై గద వేయగనే అందు దాచిన ఎర్రనీరు చిమ్మును. ఆ సాయంకాలమే భక్తులు నిప్పులగుండము త్రొక్కుదురు.

ఈ పగకథను తెర కెక్కింపబూనినవారికి మొదట ఎదురగు ప్రశ్న ఆ నెత్తురు చూపవలెనా, దాచవలెనా యన్నది. మన పెద్దలు రెండు త్రోవలును త్రొక్కిరి. రంగముపై చావు చూపరాదన్నది సంస్కృత నాటకపు కట్టుబాటు. భట్టనారాయణుడు తన ఆరంకముల వేణీసంహారమున దుశ్శాసన దుర్యోధనుల చావులను తెరచాటుననే జరిపించెను. నెత్తుటి చేతులతో వచ్చి భీముడు ద్రౌపది జుట్టు ముడుచుట మాత్రమే మనము చూతుము. (ఈ జడముడి ఘట్టమునకు ప్రసిద్ధి తెచ్చినది ఆ నాటకమే, వ్యాసభారతమున అది లేదు.)

మన వీథినాటకము దాచదు. అయినను చూచువారు జడియరు. ఏలయన, దెబ్బ తగులునది మట్టికి. వేషధారి ప్రక్కనే నిలిచి ఊపిరి పీల్చుకొనుచుండును. సినిమాలో ఈ మట్టి లేదు. కెమెరా ముఖమునకు మూరెడు దూరమునకు పోవును. మైదానమున అల్లంత దూరమునుండి కనబడిన ఎర్రనీరు అక్కడ ఒక మనిషి నెత్తురగును. ఆట ముగిసి దీపములు వెలిగినంతనే ప్రేక్షకుడు ఇంటిదారి పట్టును. అతనికి నిప్పులగుండము లేదు. రేడియో నాటకమున కీ చిక్కే లేదనుకొనుడు. గద చప్పుడొకటి చాలును, తక్కినది వినువారే ఊహించుకొందురు.

దక్షిణాది సినిమాకు భారతములోని పగ మొదటినుండియు చుట్టమే. వేలూరివాడైన ఆర్. నటరాజ మొదలియారు మద్రాసులో తీసిన మూకీ 'కీచకవధ'ను దక్షిణదేశపు తొలి కథాచిత్రముగా చెప్పుదురు. దాని ప్రతి నేడు మిగులలేదు. 1963లో కమలాకర కామేశ్వరరావుగారు 'నర్తనశాల'లో ఆ కథనే చేపట్టిరి. ద్రౌపది సావిత్రి, కీచకుడు ఎస్.వి. రంగారావు, భీముడు బరువులెత్తుటలో పేరొందిన దండమూడి రాజగోపాలరావు. భారతమున భీముడు కీచకుని కాలుసేతులను తలను మొండెములోనికి క్రుక్కి ముద్ద చేయును. దానిని ఉన్నదున్నట్లు చూపిన ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడజాలరు. రంగారావుగారి కీచకుడు వెకిలివాడు కాడు, రాజసము గలవాడు. కావుననే అతని చావునకు నెత్తురు లేకయే బరువు వచ్చినది. 1965లో అదే దర్శకుని 'పాండవ వనవాసము'న ఎన్.టి. రామారావుగారు భీముడు, రంగారావుగారు దుర్యోధనుడు, సావిత్రి మరల ద్రౌపది.

అయితే ఈ కథను తెరకు మార్చువారు తరచుగా విడిచిపెట్టు ముఖ్యఘట్టము వేరొకటి కలదని మా అభిప్రాయము. యుద్ధము ముగిసిన పిదప, స్త్రీపర్వమున, గాంధారి భీముని నిలదీసి నా కొడుకు నెత్తురు త్రాగితివా యని అడుగును. అది పెదవి దాటి లోనికి పోలేదని భీముడు చెప్పుకొనును. నిండుసభలో శపథము పట్టినవాడు, ఒక తల్లి యెదుట ఆ మాట అనవలసి వచ్చినది! అటుపిమ్మట ఆమె చూపు గంతల క్రిందుగా ధర్మరాజు కాలిగోటిపై పడగా అది చెడిపోవును.

దీనికి రంగునీరు అక్కరలేదు, గదయు అక్కరలేదు. క్లోజప్పున కింతకంటె తగిన ఘట్టము భారతమున అరుదు. భీమవేషమునకు నటుని ఎంచువారు కండలతోపాటు, ఆ ఒక్క మాట పలుకునప్పుడు అతని గొంతు ఎట్లుండునో కూడ పరీక్షించుట మేలు.