ఆరింటికి నిద్ర లేపే తోక!

పగలంతా ఎంతమందితో మాట్లాడినా, రాత్రి రూమ్ తలుపు తెరవగానే పలకరించేవాళ్లే లేరనిపిస్తుందా? ఊరొదిలి వచ్చి సిటీలో ఒంటరిగా ఉంటున్న చాలామందికి ఇది తెలిసిన సంగతే. నాకైతే మరీ బాగా తెలుసు.

మూడేళ్ల కిందట నాన్న పోయారు. కార్యక్రమాలన్నీ అయ్యాక కూకట్‌పల్లిలోని రూమ్‌కి తిరిగొచ్చేశాను. ఉద్యోగం ఇంటి నుంచే. ఆర్డర్ పెడితే అన్నం వస్తుంది, కెమెరా ఆపేస్తే మీటింగ్‌లో ఎవరికీ మొహం చూపించక్కర్లేదు. వారం రోజులు గడప దాటకపోయినా అడిగేవాళ్లు లేరు. అమ్మ ఫోన్ చేసి ‘తిన్నావా నాన్నా?’ అంటే, తినకపోయినా ‘ఆ, తిన్నా’ అనేవాడిని.

ఆ రోజుల్లోనే మా సెల్లార్‌లో పిల్లల్ని పెట్టిన వీధికుక్క బండి కింద పడి చనిపోయింది. వాచ్‌మన్ అన్న ఓ రెండు నెలల పిల్లని నా చేతిలో పెట్టి, ‘రెండ్రోజులు చూసుకోండి సార్’ అన్నాడు. ఆ రెండ్రోజులు ఇంకా పూర్తవ్వలేదు. దాని పేరు బూందీ.

బూందీ నా బాధ తీర్చేసిందని చెప్పను. కానీ పొద్దున ఆరయ్యేసరికి మొహం మీదికొచ్చి తోక ఊపుతుంది. లేవకపోతే రూమంతా పాడు! అలా రోజూ మెట్లు దిగడం మొదలైంది. ఎండ తగిలింది. టీ కొట్టు బాబాయ్ ‘దీని పేరేంటి?’ అని అడిగాడు. కింది ఫ్లోర్ పిల్లలకి నేను ‘బూందీ వాళ్ల అన్న’నయ్యాను. దానికి టైముకి తిండి పెట్టాలి కాబట్టి, నేనూ టైముకి తినడం అలవాటైంది.

సైన్స్ ఏమంటోంది?

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 249 మంది విద్యార్థులపై ఓ అధ్యయనం చేసి, 2019లో ప్రచురించారు. పది నిమిషాల పాటు కుక్కల్నీ, పిల్లుల్నీ నిమిరినవాళ్ల లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గిందట. జపాన్ పరిశోధకులు 2015లో ఇంకో ముచ్చటైన విషయం చెప్పారు. పెంపుడు కుక్క, దాని యజమాని కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని. తల్లీబిడ్డల అనుబంధంలో కీలకమైన హార్మోన్ ఇదే.

తోడే... మందు కాదు!

బూందీ వచ్చాక కూడా నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి. డాక్టర్‌ని కలిశాను, కొన్నాళ్లు కౌన్సెలింగ్‌కి వెళ్లాను. డిప్రెషన్‌కి వైద్యం కావాలి, ఆ పని కుక్కపిల్లతో అవ్వదు. దిగులు రోజుల తరబడి వదలకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి కాల్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

పెంచుకునే ముందు...

* కుక్క పదేళ్లకు పైగానే బతుకుతుంది. ఉద్యోగం మారినా, పెళ్లైనా అది మీతోనే ఉండాలి.
* ఇంటి ఓనర్‌తో ముందే మాట్లాడండి. మా ఓనర్ ఆంటీని ఒప్పించడానికి నాకు నెల పట్టింది.
* రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, వెటర్నరీ ఖర్చులు బడ్జెట్‌లో వేసుకోండి.
* రీల్స్‌లో చూసి హస్కీ కొనకండి. మంచు ప్రాంతపు కుక్కకి మన మే నెల ఎండలు నరకం. మన వీధికుక్కలు ఈ వాతావరణానికి అలవాటుపడినవే. 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థల నుంచి దత్తత తీసుకోవచ్చు.
* రోజుకి పది గంటలు ఆఫీసులోనే ఉంటారా? అయితే ఇప్పుడే వద్దు. ఒంటరితనం దానికీ బాధే. అప్పటిదాకా పక్కింటివాళ్ల కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్లండి, సెలవు రోజు ఏదైనా షెల్టర్‌లో సాయం చేయండి.

చివరిగా ఒక్క ప్రశ్న. సంక్రాంతికి మీరు ఊరెళ్తే దాన్ని ఎవరు చూసుకుంటారు? దీనికి మీ దగ్గర జవాబుంటే, ఇక ఆరింటికి అలారం పెట్టుకోవాల్సిన పనిలేదు!