జీతం, హుకుం లేని చోట నాయకులను ఎలా ఎన్నుకుంటారు?

సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పిల్లలున్న ఇంట్లో ‘పైథాన్’ అన్న మాట తరచూ వినబడుతుంది. అది కంప్యూటర్‌కు పనులు చెప్పే భాష. ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని వాడుకోవచ్చు. మరి దాని యజమాని ఎవరు? అందులో ఏం మార్చాలో, ఏం మార్చకూడదో ఎవరు నిర్ణయిస్తారు?

పైథాన్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. వేర్వేరు దేశాల్లో ఉన్నవాళ్లు, చాలావరకు స్వచ్ఛందంగా, దాన్ని తయారుచేస్తున్నారు. తమ నాయకులను తామే ఎన్నుకుంటున్నారు. ఆ పద్ధతి వాళ్లకు ఎలా వచ్చిందో తెలుసుకుంటే క్లాస్ లీడర్, హౌస్ కెప్టెన్ పదవులకు పోటీపడే మన పిల్లలతో మాట్లాడటానికి మంచి విషయం దొరుకుతుంది.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి?

సాఫ్ట్‌వేర్ లోపలి కోడ్‌ను దాచకుండా అందరికీ చూపించి, వాడుకోవడానికీ మార్చుకోవడానికీ అనుమతి ఇస్తే దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. ఈ పని చేసేవారిలో కొందరికి వారి కంపెనీలు జీతమిస్తాయి. చాలామంది మాత్రం ఉద్యోగం చేసుకుంటూనే ఖాళీ వేళల్లో చేస్తారు.

ఇక్కడ నాయకుడి పరిస్థితి ఆఫీసు మేనేజర్‌ది లాంటిది కాదు. జీతం కోయలేరు, ప్రమోషన్ ఇవ్వలేరు. మాట నచ్చనివాళ్లు పని మానేయొచ్చు. ఇంకా కోపం వస్తే కోడ్ మొత్తం కాపీ చేసుకుని వేరు కుంపటి పెట్టుకోవచ్చు. అది వాళ్ల హక్కు. కాబట్టి నాయకుడి దగ్గర నిజంగా ఉండేది ఒక్కటే: మిగతావాళ్ల నమ్మకం.

ఒక్కరి మాట మీద మూడు దశాబ్దాలు

నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల్లో, పైథాన్ మొదలుపెట్టారు. 1991లో అది బయటికి వచ్చింది. ఎవరు ఏ మార్పు సూచించినా చివరి మాట ఆయనదే. సహచరులు ఆయనను సరదాగా ‘జీవితకాలపు దయగల నియంత’ అని పిలిచేవారు.

2018లో ఒక కొత్త గుర్తు మీద పెద్ద వాదన జరిగింది. ఒక విలువకు పేరు పెడుతూనే అదే వరుసలో దాన్ని వాడుకునేందుకు వీలు కల్పించే గుర్తు అది. చూడటానికి చిన్న విషయమే. అయినా వాదన వేడెక్కింది. గిడో దాన్ని ఆమోదించారు. ఆ వెంటనే, 2018 జూలై 12న, నిర్ణయాలు తీసుకునే బాధ్యత నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించారు. ఒక్కో నిర్ణయం కోసం అంతగా పోరాడి, చివరికి చాలామంది అసంతృప్తిని మోయాల్సి రావడం తనను అలసిపోయేలా చేసిందని చెప్పారు.

అంతకంటే ముఖ్యమైనది ఆయన చేయని పని. తన తర్వాత ఫలానావారని వారసుడి పేరు చెప్పలేదు. ఎలా నడుపుకోవాలో మీరే తేల్చుకోండని సహచరులకు వదిలేశారు.

ముందు పద్ధతి, తర్వాతే మనిషి

ఇలాంటి సమయంలో ఎవరికైనా తోచేది ‘సీనియర్ ఎవరు? ఆయన్నే కూర్చోబెడదాం’ అన్న ఆలోచన. పైథాన్ బృందం ఆ తొందర పడలేదు. ఇతర ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఎలా నడుస్తున్నాయో ముందు పరిశీలించి రాసుకున్నారు. ఆ తర్వాత ఏడు ప్రతిపాదనలు వచ్చాయి. మళ్లీ ఒకే నాయకుడు ఉండాలని ఒకటి, ముగ్గురు ఉండాలని మరొకటి, ఎన్నికైన మండలి ఉండాలని ఇంకొకటి, ఇలా.

2018 డిసెంబరులో బృంద సభ్యులు వీటిపై రహస్య ఓటింగ్ జరుపుకున్నారు. ఐదుగురు సభ్యుల మండలి ఉండాలన్న ప్రతిపాదన గెలిచింది. 2019 ఫిబ్రవరి నాటికి మండలి ఎన్నిక పూర్తయింది. ఎన్నికైన ఐదుగురిలో గిడో కూడా ఒకరు. ఇప్పుడు ఆయనది ఐదింటిలో ఒక ఓటు మాత్రమే. ఆ తరువాతి మండలిలో ఆయన లేరు. అయినా పైథాన్ ఆగలేదు. గొడవకు కారణమైన ఆ గుర్తు కూడా 2019 అక్టోబరులో వచ్చిన కొత్త వెర్షన్‌లో చేరింది.

ఓట్లు లెక్కించడంలో ఒక మెలిక

ఏడు ప్రతిపాదనలపై ఓటింగ్‌లో ఒక్కదానికే టిక్కు పెట్టమనలేదు. అన్నింటినీ ఇష్టం ప్రకారం వరుసగా పేర్చమన్నారు. ఎందుకో ఒక తరగతి ఉదాహరణతో చూద్దాం.

40 మంది పిల్లలున్న తరగతిలో ఎ, బి, సి అనే ముగ్గురు పోటీపడ్డారనుకుందాం. ఎ కు 15, బి కి 13, సి కి 12 ఓట్లు వచ్చాయి. మామూలు లెక్కలో ఎ గెలిచినట్టే. కానీ మిగతా 25 మందికీ ఎ అంటే అసలు ఇష్టం లేదనుకోండి. ఓట్లు చీలడం వల్లే ఎ గెలిచారన్నమాట.

అదే పిల్లలు ముగ్గురినీ వరుసగా పేరిస్తే ఇద్దరిద్దరి చొప్పున పోల్చి చూడొచ్చు. సి కి ఓటేసిన 12 మందీ రెండో స్థానం బి కి ఇచ్చి ఉంటే, ఎ, బి ల మధ్య బి కి 25, ఎ కు 15. ఎ మద్దతుదారుల రెండో ఎంపిక కూడా బి యే అయితే, బి, సి ల మధ్య బి కి 28, సి కి 12. ప్రతి పోటీలోనూ నెగ్గిన బి నే విజేత. ఫ్రెంచ్ గణితవేత్త కోండోర్సే పేరు మీదుగా దీన్ని కోండోర్సే పద్ధతి అంటారు.

అధికారానికి హద్దులు

మండలికి విస్తృత అధికారాలున్నాయి. కానీ వాటిని వీలైనంత తక్కువగా వాడాలని నియమావళిలోనే రాసుకున్నారు. ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు ఐదుగురిలో ఇద్దరికి మించకూడదు. నమ్మకం పోతే మూడింట రెండు వంతుల ఓట్లతో మండలిని దించేయొచ్చు. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ ఎన్నిక జరుగుతుంది.

ఎవరూ ముందుకు రాకపోతే?

1993లో మొదలైన డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌నూ స్వచ్ఛంద కార్యకర్తలే తయారుచేస్తారు. అక్కడ నాయకుడి పదవీకాలం ఏడాది. బ్యాలెట్‌లో మన ‘నోటా’ లాంటి ‘పైవారెవరూ కాదు’ అన్న ఎంపిక కూడా ఉంటుంది. అది గెలిస్తే ఎన్నిక మళ్లీ పెట్టాల్సిందే.

2019లో డెబియన్‌లో ఒక వింత జరిగింది. నామినేషన్ల గడువు ముగిసేసరికి ఒక్కరూ పోటీకి రాలేదు. జీతం లేదు, పనేమో చాలా ఎక్కువ. అయితే ఇలా జరిగితే ఏం చేయాలో నియమావళిలో ముందే ఉంది: గడువు మరో వారం పెంచాలి. పెంచాక అభ్యర్థులు వచ్చారు, ఎన్నిక సజావుగా జరిగింది. ఎవరూ కంగారుపడి ఒకరిని బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

గ్రూప్ ప్రాజెక్టుల్లో పని మొత్తం ఒక్కరి మీదే పడటం, చివర్లో ఆ ఒక్కరూ విసిగిపోవడం మనం చూస్తూనే ఉంటాం. నియమాలు ముందే లేకపోతే ఎంత మంచి లీడర్ అయినా అలసిపోతారు. ఈ నెలలో మీ పిల్లలను ఈ ప్రశ్నలు అడిగి చూడండి:

• మీ గ్రూపులో లీడర్ మాట ఎందుకు వింటారు? భయంతోనా, నమ్మకంతోనా?

• లీడర్ ఒక వారం రాకపోతే పని ఆగుతుందా?

• మీ క్లాస్ ఎన్నికలో ముగ్గురు పోటీపడితే ఓట్లు ఎలా లెక్కిస్తే న్యాయంగా ఉంటుంది?

• నువ్వు ఓడిపోతే, గెలిచినవాళ్లతో కలిసి ఏ పని చేస్తావు?

చివరి ప్రశ్నకు జవాబు కోసం తొందరపెట్టకండి. వాళ్లను కాస్త ఆలోచించుకోనివ్వండి. ఎన్నికల్లో గెలిచేవాళ్లు కొందరే. మర్నాడు కలిసి పనిచేయాల్సింది మాత్రం అందరూ.