చిన్న కంప్యూటరు – అక్షరాల తెర

యంత్రం లోలోపల ఎంతటి గణన చేసినా, ఫలితం మానవుని కంటికి కనబడినప్పుడే ఆ శ్రమ సార్థకమవుతుంది. అలా కనబరిచే సాధనాలలో సులభమైనది అక్షరాల తెర. వరుసకు 16 అక్షరాల చొప్పున రెండు వరుసలు చూపే ఈ ద్రవస్ఫటిక తెరలలో అధికభాగం, జపానుకు చెందిన హిటాచీ సంస్థ రూపొందించిన హెచ్‌డీ 44780 అనే చిప్పు పద్ధతిని అనుసరిస్తాయి. 2012లో బ్రిటనులో విడుదలైన రాస్ప్‌బెరీ పై వంటి ఏకఫలక కంప్యూటరుకు ఈ తెరను కలపడం విద్యార్థులకు సాధ్యమైన పనే. అయితే ముందుగా రెండింటి స్వభావాలను గ్రహించాలి.

ఈ తరహా తెర సాధారణంగా 5 వోల్టుల విద్యుత్తుతో పనిచేస్తుంది. కంప్యూటరు సంకేతపు పిన్నులు 3.3 వోల్టులకు ఉద్దేశించినవి. 5 వోల్టులను అవి భరించలేవు. కంప్యూటరు పంపే సంకేతాన్ని తెర గుర్తించగలదు, 2.2 వోల్టులు దాటిన సంకేతాన్ని అది ‘1’గానే స్వీకరిస్తుంది. చిక్కంతా తెర బదులు పలికినప్పుడే. ఆ బదులు 5 వోల్టుల వరకు ఉండి, కంప్యూటరును శాశ్వతంగా పాడుచేయవచ్చు. అందువల్ల చదవడమా, రాయడమా అని నిర్ణయించే ఐదవ పిన్నును భూమి తీగకు కలపాలి. అప్పుడు తెర వినడమే గాని మాట్లాడదు. ఈ ఒక్క తీగే కంప్యూటరుకు రక్ష.

తీగలు కలిపేటప్పుడు విద్యుత్తును ఆపివేయాలి. తెర మొదటి పిన్ను భూమికి, రెండవది 5 వోల్టులకు చేరాలి. మూడవ పిన్నుకు 10 కిలో ఓముల పొటెన్షియోమీటరు మధ్యకాలును కలిపితే, దానిని తిప్పుతూ అక్షరాల స్పష్టతను సవరించవచ్చు. ఇక సంకేతాలకు ఆరు తీగలు చాలు. ఒకటి వచ్చేది ఆజ్ఞయో అక్షరమో తెలుపుతుంది. మరొకటి దానిని స్వీకరించవలసిన క్షణాన్ని సూచిస్తుంది. తక్కిన నాలుగు సమాచారాన్ని మోస్తాయి.

ప్రతి అక్షరానికి ఎనిమిది అంకెల ద్విసంఖ్యా సంకేతం ఉంటుంది. ఇంగ్లీషు పెద్ద ‘ఏ’ సంఖ్య 65; దాని రూపం 01000001. నాలుగు తీగలే ఉన్నందున మొదట 0100, తరువాత 0001 వెళతాయి. తెర బదులు చెప్పదు కనుక, ప్రతి ఆజ్ఞ తరువాత కంప్యూటరే కొంత వ్యవధి ఇవ్వాలి. తెరను తుడిచే ఆజ్ఞకు సుమారు 2 మిల్లీసెకన్లు అవసరం. తెరపై ఒక వరుస నిండా నల్లని గళ్ళే కనబడితే, విద్యుత్తు అందినా ఆరంభపు ఆజ్ఞలు చేరలేదని గ్రహించాలి.

సాధారణంగా లభించే తెరల స్మృతిలో ఇంగ్లీషు, జపాను కటకానా లిపులు ఉంటాయి, తెలుగు ఉండదు. కాని కొత్త ఆకృతులకు ఎనిమిది స్థానాలున్నాయి. ఒక్కొక్క ఆకృతిని ఐదు నిలువు, ఎనిమిది అడ్డు వరుసలలోని 40 చుక్కలతో చిత్రించాలి. ‘స్త్రీ’ వంటి సంయుక్తాక్షరం అంత చిన్న గడిలో ఇమడదు. ‘నీరు’ అనే మాటకు మాత్రం రెండు గళ్ళు చాలు. పొలంలోని తొట్టి నిండిందని ఆ రెండక్షరాలు తెలిపితే, ఇంగ్లీషు రాని రైతుకు కూడా ఆ యంత్రం ఆప్తమవుతుంది.