బడిపంతులు కట్టిన టీము

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఆటల విషయంలోనూ నిజమే. కన్నడ సరిహద్దున వున్న మా అమరాపురంలో ఏ కుర్రవాణ్ణి అడిగినా, పీలే యే క్లబ్బుకు ఆడాడో, మెస్సీ యే దేశంవాడో తడుముకోకుండా చెబుతాడు. బ్రెజిల్ రేవుపట్నమైన శాంటోస్‌లోని క్లబ్బు పదిహేనేళ్ల పీలేను 1956లో చేర్చుకొని, 1962, 1963 సంవత్సరాలలో దక్షిణ అమెరికా ఖండానికంతటికీ విజేత అయిందని కూడా కొందరికి తెలుసు. సంతోషమే. కాని ఆ రోజుల్లోనే మనవైపు కూడా కలకత్తా, బొంబాయి క్లబ్బులను గడగడలాడించిన టీము ఒకటి వుండేదంటే మాత్రం, "మనవాళ్లా? ఫుట్‌బాలా?" అని నోరు తెరుస్తారు.

ఆ టీము పేరు హైదరాబాద్ సిటీ పోలీసు.

పేరుకు పోలీసు టీమే గాని, దాన్ని తీర్చిదిద్దినవాడు పోలీసు కాడు. బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు, బళ్లలో పాఠాలు చెప్పారు. అందరూ ఆయనను రహీం సాహెబు అనేవారు. 1950లో పోలీసు టీముకు శిక్షకుడయ్యారు. ఆ యేడే టీము బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్ అంతటి టీమును ఓడించింది. రోవర్స్ కప్పును 1954 వరకు, వరుసగా అయిదేళ్లు, ఇంకొకరి చేతికి పోనివ్వలేదు. 1954లో డ్యూరాండ్ మళ్లీ వచ్చింది. 1957లో రెండు కప్పులూ కలిసి హైదరాబాదుకు రైలెక్కాయి.

ఎడమకాలి పాఠం

ఇంతకీ ఆయన నేర్పిన మంత్రం యేమిటి? మంత్రమేమీ లేదు, పాఠమే. బంతిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ ఒక్కడే నలుగురిని తప్పించుకుపోతే ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. కాని మనిషి యెంత పరుగెత్తినా బంతి అంతకంటె వేగంగా పోతుంది. అంచేత రహీం సాహెబు, బంతిని వెంట తీసుకుపోకూడదు, అందగానే తోటివాడికి అందించాలి అనే నియమంతో కుర్రవాళ్లకు ప్రత్యేకంగా పోటీలు పెట్టారు. అంతటితో ఆగలేదు. వాటంలేని కాలితోనే ఆడాలని ఇంకొక రకం పోటీ పెట్టారు. కుడికాలి వాటంవాడు ఎడమకాలితో తన్నాలన్నమాట! మొదట నవ్వులాటగా వున్నా, కొన్నాళ్లకు రెండు కాళ్లూ సమానంగా లొంగుతాయి. తెలివిగల పిల్లవాడికి తెలిసిన లెక్కే మళ్లీ మళ్లీ ఇచ్చి మెచ్చుకోకుండా, రాని లెక్క ఇచ్చి కూర్చోబెట్టే పంతులి పద్ధతి యిది.

ఈ పాఠమే దేశానికీ పనికివచ్చింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన శిక్షకుడు ఆయనే. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యారు. ఆ తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్సులో నాలుగో స్థానం పొందాము. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, సికిందరాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం వున్నారు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం తెచ్చినప్పటికి రహీం సాహెబు క్యాన్సరుతో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి వచ్చిన బంగారు పతకాలు ఆ రెండే.

గూడు చెదిరింది

టీము ఆంధ్రప్రదేశ్ పోలీసుగా పేరు మార్చుకొని 1961లో డ్యూరాండ్, 1963లో రోవర్స్ గెలిచింది. తరువాత ఆ రెండు కప్పులూ మళ్లీ ఇటువైపు చూడలేదు. అప్పటికే బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. 1966లో నయీముద్దీన్, హబీబ్ కూడా ఆ దారినే కలకత్తా చేరారు. వారిని తప్పుపట్టలేము. పేరూ, డబ్బూ, లక్షలాది అభిమానులూ అక్కడ వుంటే యెవరు మాత్రం పోరు? 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్ టీముతో కలకత్తా వచ్చినప్పుడు ఆట 2-2గా ముగిసింది. మోహన్ బగాన్ గోల్సులో ఒకటి మన హైదరాబాదు హబీబ్ చేసినదే. ఖ్యాతి మాత్రం బెంగాలు ఖాతాలో పడింది.

శిష్యులు పోవడం పెద్ద నష్టం కాదు. ఏ బడిలోనైనా శిష్యులు పోతూనే వుంటారు. ఏటా కొత్తవాళ్లను చేర్చుకొని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టే గురువు లేకపోవడమే నష్టం. ఆయన జీవితం మీద 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. చూసి కన్నీరు పెట్టుకున్నవారు వున్నారు. మంచిదే. కాని కన్నీటితో మైదానం తడవదు. మా పాత అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చింది. అటువంటి పని ప్రతి తాలూకాలోనూ జరగాలి.

తల్లిదండ్రులకూ, నావలె పాఠాలు చెప్పేవారికీ ఒక్క మనవి. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆటల పీరియడును లెక్కలకు అప్పగించే ముందు, ఆసియాను గెలిచిన టీమును తయారుచేసినవాడు జీతానికి పనిచేసిన ఒక బడిపంతులని గుర్తుచేసుకోండి.